నువ్వేం నొక్కలేదమ్మా



ఈసారి చూడ్డానికి చిన్నగా కనిపించే విషయం. పొద్దున కంప్యూటర్ తెరిస్తే ఫైళ్ల బొమ్మలు మారిపోయి ఉంటాయి. నిన్నటిదాకా ఒక ప్రోగ్రాంలో తెరుచుకున్న పీడీఎఫ్ ఇవాళ బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది. రాత్రి అప్‌డేట్ వచ్చిపోయింది. మనల్ని ఎవరూ అడగలేదు.

ఇంట్లో ఒక ఇంజనీరు ఉన్నవాళ్లకి ఇది రెండు నిమిషాల చికాకు. చిత్తూరు పక్క పల్లెల నుంచి తిరుపతికొచ్చి, ఒక సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్‌ని ముగ్గురు పంచుకుని ఎంఏ చదివే పిల్లలకి అట్లా కాదు. మొన్న ఒకమ్మాయి తన డిసర్టేషన్ ఫైలుకి తెల్లకాగితం బొమ్మ వచ్చిందని ఏడుపు మొహంతో వచ్చింది. "నేనే ఏందో నొక్కేసినట్టుండాను సార్, అంతా పోయింది" అనింది. ఏమీ పోలేదు. ఫైలు అక్కడే ఉంది. దాన్ని సరిచేయడానికి అయిదు నిమిషాలు పట్టింది. తప్పు తనది కాదని నమ్మించడానికి అరగంట పట్టింది.

నన్ను కలచివేసింది ఆ అరగంటే. ఇంట్లో మొదటిసారి కంప్యూటర్ మీద చెయ్యి పెట్టినవాళ్లు ఏది చెడినా ముందు తమనే అనుమానించుకుంటారు. 'దాన్ని ముట్టుకోవద్దు' అనే మాట తరతరాలుగా విన్న ఇళ్ల నుంచి వచ్చినవాళ్లకి ఈ అనుమానం ఊరికే రాలేదు. ఎవరో ఎక్కడో తీసుకున్న నిర్ణయానికి నేరం ఈ పిల్ల మోస్తోంది.

ఈ గొడవ పెద్దవాళ్ల మధ్య కూడా జరిగింది. 2015 జూలై 29న విండోస్ 10 వచ్చింది. మర్నాడే మొజిల్లా అధిపతి క్రిస్ బియర్డ్ సత్య నాదెళ్లకి బహిరంగ లేఖ రాశాడు. అప్‌గ్రేడ్ పేరుతో జనం ఎంచుకున్న బ్రౌజర్‌ని పక్కకు నెడుతున్నారని దాని సారాంశం. బియర్డ్‌కి తన ఫైర్‌ఫాక్స్ బెంగ ఉంది, సరే. కానీ నాదెళ్ల మనవాడని మురిసిపోయినవాళ్లలో ఎందరం ఆ ఉత్తరం చదివాం?

తెలుగు రాసేవాళ్లకి ఇంకో మెలిక ఉంది. ఎక్స్‌పీ కాలం నుంచి అలవాటైన గౌతమి ఫాంటుని విండోస్ 10లో వాణితో కలిపి 'తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్' అనే ఐచ్ఛిక మూటలోకి మార్చారు. అది లేని సిస్టంలో గౌతమిలో టైపు చేసిన థీసిస్ వేరే ఫాంటులో కనిపిస్తుంది. పేజీలు జరుగుతాయి, విషయసూచికలో అంకెలు తప్పుతాయి. గైడు దగ్గర తిట్లు ఎవరికో చెప్పక్కర్లేదు.

అడగకుండా మార్చడం మనకు కొత్త కాదు. 1938లో బొంబాయి శాసనసభలో మనవాళ్లకి 'హరిజన' అనే పేరుని చట్టంలో పెట్టబోతే అంబేద్కర్, ఆయన పార్టీ సభ్యులు అభ్యంతరం చెప్పి సభలోంచి బయటకు నడిచారు. ఫైలు బొమ్మనీ మనిషి పేరునీ ఒకే గాటన కట్టడం లేదు నేను. నీ మంచికే, నిన్ను అడిగేదేముంది అనే ఆ ధోరణి మాత్రం నాకు బాగా తెలిసిన ధోరణి.

భద్రత కోసం వచ్చే అప్‌డేట్లు ఆపమని నేననను, అవి కావాలి. తాళం బాగుచేయడానికి వచ్చినవాడు ఇంట్లో మంచం ఎందుకు జరపాలి?

అడిగితే ఏమవుతుందంటారా? ఆండ్రాయిడ్ విషయంలో గూగుల్‌కి కాంపిటీషన్ కమిషన్ 2022 అక్టోబరులో 1,337.76 కోట్ల రూపాయల జరిమానా వేసింది. ఆ కేసు మొదలైంది ముగ్గురు వినియోగదారుల ఫిర్యాదుతో.

మనం మన కాలేజీ నుంచే మొదలుపెట్టొచ్చు. డిసర్టేషన్లు ఇచ్చే నెలలో ల్యాబులో ఏదైనా మార్చేముందు రెండు రోజుల ముందే తెలుగులో నోటీసు పెట్టమని ప్రిన్సిపాల్‌కి రాసివ్వండి. ఈలోగా ఫైలు మీద రైట్ క్లిక్ చేసి, 'ఓపెన్ విత్'లో మీ ప్రోగ్రాం ఎంచుకుని, 'ఆల్వేస్' నొక్కండి. ఫాంట్లు ఎంబెడ్ చేసిన పీడీఎఫ్ ఒకటి పెన్‌డ్రైవ్‌లో దాచుకోండి. పక్క రూములో జూనియర్‌కి కూడా చూపించండి.