పుట్టలో పాలు, పెట్టెలో పాము

నాగుల చవితినాడు పుట్టలో పాలు పోసే తల్లికీ, గాజుపెట్టెలో బాల్ పైథాన్ అనే కొండచిలువను పెంచుతూ "నేనంటే దీనికి ప్రాణం" అనే కొడుక్కీ పెద్ద తేడా లేదు. ఆవిడకు పాములో దేవత కనిపిస్తుంది, వాడికి కుక్కపిల్ల కనిపిస్తుంది. పామును పాముగా చూసేవాళ్లే ఆ కుటుంబంలో లేరు.

కొడుకు అమెరికాలో ఉన్నాడనుకుందాం. ఇక్కడ నాగుపామునో జెర్రిపోతునో ఇంట్లో పెంచితే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఊరుకోదు. అక్కడ చాలా రాష్ట్రాల్లో బాల్ పైథాన్‌ను దుకాణంలోనే అమ్ముతారు.

అయితే వాడికి తల్లికి లేని సౌకర్యం ఒకటుంది. పాము రోజూ కళ్లెదుటే ఉంటుంది, దానికేం కావాలో చూసి తెలుసుకోవచ్చు. పెట్టెలో ఒక పక్క 32 డిగ్రీల సెల్సియస్ వేడి, ఇంకో పక్క 26 దాకా ఉండాలి. ఒంట్లో సొంతంగా వేడి పుట్టించుకోలేని ప్రాణి కాబట్టి, తిన్న ఎలుక అరగాలంటే వెచ్చని వైపుకు పాకాలి. థర్మోస్టాట్ లేకుండా వేడి పలక పెడితే పొట్ట చర్మం కాలిపోతుంది. రెండు వైపులా దాక్కోవడానికి గూళ్లు కావాలి, గిన్నెలో నీళ్లు కావాలి. నీళ్లే, పాలు కావు. పాలు అరిగించుకునే ఏర్పాటు పాము ఒంట్లో లేదు. మరి పండగనాడు బుట్టలోని పాము తాగిందే అంటారా? పాములవాళ్లు ముందు రోజుల్లో దానికి చుక్క నీరు పెట్టరు. గొంతెండిన పాము తడి ఏది కనిపించినా మూతి పెడుతుంది. మనమేమో చేతులు జోడిస్తాం. పుట్ట సంగతికొస్తే, కట్టింది చెదపురుగులు. పాము అందులో అద్దె కట్టని కాపురస్తు.

నాగదేవతకు కోడిగుడ్డు సమర్పించే కుటుంబంలోనే, ఫ్రీజర్‌లో ఎలుకలు పెడతానంటే గొడవైపోతుంది. కానీ బతికున్న ఎలుకను వదిలితే అది పామునే కరవొచ్చు. గడ్డకట్టిన దాన్ని కరిగించి, వెచ్చబెట్టి వేయడమే మేలు. ఈ జాతి ఒక్కోసారి నెలల తరబడి తిండి ముట్టదు. అప్పుడు శ్రీకాళహస్తిలో రాహుకేతు పూజ చేయించమని ఇండియా నుంచి ఫోను వస్తుంది. చూడాల్సింది పెట్టెలో వేడి సరిగ్గా ఉందా, జత కట్టే కాలమా, బరువు తగ్గుతోందా అని. తగ్గుతుంటే సరీసృపాలు తెలిసిన వెటర్నరీ డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

చదువుకున్నవాళ్ల మూఢనమ్మకం ఇంకోటుంది: యజమాని పక్కన తిన్నగా సాగి పడుకున్న పాము, వాణ్ణి మింగడానికి కొలత తీసుకుంటోందట! పొంచి ఉండి, దారిన పోయే ఎలుకను చటుక్కున పట్టే జీవికి కొలతలతో ఏం పని? నాలుగడుగుల పాము చేతికి చుట్టుకుంటే అది ప్రేమా కాదు, కుట్రా కాదు. పట్టు, వెచ్చదనం దొరికాయి, అంతే.

పశ్చిమాఫ్రికాలోని బెనిన్‌లో, విదా పట్టణంలో ఈ పాముకే గుడి ఉంది. అక్కడి భక్తి కాస్త నయం, రాత్రిపూట పాములను వేటకు వదులుతారు. అదే దేశం నుంచి, పక్కనున్న టోగో, ఘనాల నుంచి ఇవే పాములు పెట్టెల్లో విదేశాలకు ఎగుమతవుతాయి. అడవిలో పట్టి తెచ్చినవాటికి పిడుదులు, పురుగులు ఉండొచ్చు, తిండికీ మొరాయిస్తాయి. అందుకే కొనేముందు రంగు ఎంత బావుందని కాదు, ఎక్కడ పుట్టిందని అడగాలి. ఇంకో ఇరవై, ముప్పై ఏళ్లు దానికి ఎలుకలు ఎవరు పెడతారో కూడా అప్పుడే తేల్చుకోవాలి.