మొత్తం సరిపోయింది, జీతం అందలేదు

గత సంచికలో ఇంటి ఖర్చుల పుస్తకం గురించి ముచ్చటించుకున్నాము. ఆ పుస్తకంలో మొదటి పంక్తి ఆదాయం. నెలజీతంపై బతికే కుటుంబంలో ఆ పంక్తి నిజమా కాదా అని సరిచూసుకొనేవారు చాలా తక్కువ. ఈ నెల ఆ విషయమే మాట్లాడుకుందాము. ముందుగా నా తప్పు ఒకటి చెప్పుకోవలసి ఉన్నది.

రేణిగుంట దారిలోని ఒక కర్మాగారంలో నేను కొన్నేళ్లు జీతాల విభాగంలో పనిచేశాను. ఒకనాటి మధ్యాహ్నం జుహ్ర్ నమాజు ముగించుకొని వచ్చేసరికి ప్యాకింగ్ విభాగంలో పనిచేసే ఒక సోదరి మా గది గుమ్మం దగ్గర నిలబడి ఉన్నది. ఆమె పనిలో చేరి మూడో నెల నడుస్తున్నది. ఒక చేతిలో రెండు నెలల జీతం చీటీలు, మరొక చేతిలో బ్యాంకు పాసుపుస్తకం ఉన్నాయి.

"చీటీలో జీతం ఇచ్చినట్టే రాసిండారు భాయ్. పుస్తకంలో మాత్రం ఒక్క రూపాయీ పడలేదు" అన్నది.

"మా లెక్క సరిపోయిందమ్మా. ఏమైనా ఉంటే బ్యాంకులోనే అడుగు" అన్నాను నేను.

నేను అబద్ధం చెప్పలేదు. రెండు నెలలూ జీతాల పట్టికలోని మొత్తానికీ, బ్యాంకు స్టేట్‌మెంటులో ఖర్చయిన మొత్తానికీ పైసా తేడా లేదు. సరిచూచినట్లు కింద సంతకం చేసినది కూడా నేనే. అయినా ఆమెకు జీతం అందలేదన్నది నిజం. ఈ రెండు నిజాలు ఏకకాలంలో ఎట్లా నిలబడ్డాయో అర్థం కావాలంటే, జీతం నడిచే దారిని ఒకసారి చూడాలి.

మన పెద్దల కాలంలో ఆ దారి చాలా పొట్టిది. నెల మొదట్లో గుమస్తా నోట్లు లెక్కపెట్టి చేతిలో పెట్టేవాడు. కార్మికుడు రిజిస్టరులో సంతకమో వేలిముద్రో వేసేవాడు. డబ్బు, సాక్ష్యం ఒకే బల్లమీద ఉండేవి. 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టం నగదునే ప్రధానంగా తలచింది. చెక్కు ద్వారానో బ్యాంకు ఖాతా ద్వారానో ఇవ్వాలంటే కార్మికుని లిఖితపూర్వక అనుమతి ఉండాలన్నది. 2017 సవరణతో ఆ అనుమతి అవసరం తొలగింది. నేడు సత్యవేడు దగ్గరి శ్రీసిటీలో గాని, కరకంబాడి, రేణిగుంట ప్రాంతాల కర్మాగారాలలో గాని జీతం అంటే ఫోనులో మోగే ఒక సందేశమే.

ఇది మేలైన మార్పే. కాని దారి పొడవైంది. హాజరు పట్టీ నుండి జీతాల పట్టిక తయారవుతుంది. దాని నుండి జీతం చీటీలు వస్తాయి. అదే పట్టిక నుండి పేరు, ఖాతా సంఖ్య, ఐఎఫ్ఎస్‌సీ కోడ్, మొత్తం అనే నాలుగు గడులతో మరొక జాబితా తయారై బ్యాంకుకు పోతుంది. బ్యాంకు కంపెనీ ఖాతాలోంచి మొత్తాన్ని తీసి, ఒక్కొక్క ఖాతాలో వేస్తుంది. ఒక్క విషయం గుర్తుంచుకోండి: చీటీ తయారయ్యేది బ్యాంకు డబ్బు వేసిన తరువాత కాదు, అంతకుముందే. కనుక చీటీ అన్నది "ఇంత ఇవ్వవలసి ఉన్నది" అనే మాటే తప్ప, "ఇచ్చాము" అనడానికి రుజువు కాదు.

ఒక ఉదాహరణ చూద్దాము. ఒక కార్మికురాలి మొత్తం జీతం 18,000 రూపాయలు, అందులో మూలవేతనం, కరువుభత్యం కలిపి 12,000 అనుకొందాము. భవిష్యనిధికి 12 శాతం చొప్పున 1,440, ఈఎస్ఐకి మొత్తం జీతంపై 0.75 శాతం చొప్పున 135, మన రాష్ట్రంలో ఆ స్థాయి జీతానికి వృత్తిపన్ను 150 పోగా చేతికి రావలసినది 16,275. అటువంటి వారు 60 మంది ఉంటే బ్యాంకుకు పోవలసినది 9,76,500. ముగ్గురి ఖాతాలు మూతపడి ఉంటే, వారి 48,825 రూపాయలు తిరిగి కంపెనీ ఖాతాకే వస్తాయి. నిజంగా కార్మికులకు చేరినది 9,27,675 మాత్రమే. పట్టిక మాత్రం ఇంకా 9,76,500 అనే చెబుతుంది. ఈ తేడాను కనిపెట్టి, అది ఎవరిదో పేరుతో సహా రాయడమే జీతాల లెక్కను బ్యాంకు లెక్కతో సరిపోల్చడం.

తిరిగి వచ్చిన డబ్బు కనీసం కంటికి కనబడుతుంది. మన ప్రాంతంలో ఇటువంటి తిరుగు జమలకు బ్యాంకుల విలీనాలు ఒక ముఖ్య కారణం. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులోను, సిండికేట్ బ్యాంకు కెనరా బ్యాంకులోను కలిశాయి. మరుసటి సంవత్సరం వాటి పాత ఐఎఫ్ఎస్‌సీ కోడ్‌లు చెల్లకుండా పోయాయి. చిత్తూరు ప్రధాన కార్యాలయంగా పనిచేసిన సప్తగిరి గ్రామీణ బ్యాంకు 2025 మే 1న మరి మూడు గ్రామీణ బ్యాంకులతో కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయింది. పల్లెల నుండి పనికి వచ్చే వారిలో ఎందరికో ఖాతాలు ఇటువంటి బ్యాంకులలోనే ఉంటాయి. పాసుపుస్తకం మారినా కంపెనీ జాబితాలో పాత వివరాలే ఉంటే, జీతం దారి తప్పుతుంది.

కంటికి కనబడనిది మరొకటి ఉన్నది. అదే ఆ సోదరి విషయంలో జరిగింది. ఆమె పేరే గల మరొక స్త్రీ అంతకు కొన్ని నెలల ముందు పని మానుకొని వెళ్లిపోయింది. కొత్త ఆమె పేరు చేర్చేటప్పుడు ఎవరో పాత ఆమె ఖాతా సంఖ్యను లాగి పెట్టారు. ఆ ఖాతా సజీవంగానే ఉన్నది కనుక డబ్బు తిరిగి రాలేదు. పట్టికలో 16 వేల చిల్లర, బ్యాంకులోనూ అదే 16 వేల చిల్లర. మొత్తాలు మాత్రమే చూసిన నాకు అంతా సవ్యంగానే కనిపించింది.

బ్యాంకు పట్టుకోలేదా అని మీరు అడగవచ్చు. ఇటువంటి చెల్లింపులలో బ్యాంకు ఖాతా సంఖ్యను బట్టే జమ చేస్తుంది. పేరు కలిసిందో లేదో చూడదు. డబ్బు పంపేముందు ఖాతాదారుని పేరు చూసుకొనే సదుపాయాన్ని 2025 ఏప్రిల్ 1 నాటికి కల్పించాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. ఎంతో ఉపయోగకరమైనదే. కాని మా తప్పును అది కూడా పట్టుకొని ఉండేది కాదు. ఇద్దరి పేరూ ఒక్కటే కదా! మొత్తాన్ని మొత్తంతో గాక, మనిషిని మనిషితో సరిపోల్చి ఉంటేనే తెలిసేది. ఉద్యోగి సంఖ్య, ఆ ఉద్యోగి స్వయంగా ఇచ్చిన పాసుపుస్తకం నకలు, బ్యాంకు జాబితాలోని ఖాతా సంఖ్య — ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూడడానికి అరవై మందికి ఒక పూట చాలు. నేను ఆ పూటను మిగుల్చుకున్నాను. ఆమె రెండు నెలలు కిరాణా కొట్టులో అప్పు పెట్టింది, చెవికమ్మలు కుదువ పెట్టింది. కొత్తవారికి జీతం ఆలస్యంగా వస్తుందేమోనని ఎవరినీ అడగలేదట.

అల్ బఖరా సూరాలోని 282వ ఆయతు గడువు గల అప్పును రాసి పెట్టుకోవాలని, రాసేవాడు న్యాయంగా రాయాలని ఆదేశిస్తున్నది. పని పూర్తయ్యాక ఇవ్వని వేతనం కూడా అప్పే. గుహలో చిక్కుకొన్న ముగ్గురి వృత్తాంతం పాఠకులకు తెలిసినదే. వారిలో ఒకరు, కూలి తీసుకోకుండా వెళ్లిపోయిన పనివాని వాటాను వేరుగా ఉంచి, దానిని పెంచి, అతడు తిరిగి వచ్చిన నాడు మందలతో సహా అప్పగించాడు. నేటి కంపెనీ పుస్తకాలలో "చెల్లించని వేతనాలు" అనే ఖాతా ఒకటి ఉంటుంది. తిరిగి వచ్చిన జీతాలు అందులో పేరుపేరునా నిలవాలి. అది కంపెనీ లాభం కాదు, అమానత్. నిర్ణీత గడువు వరకు ఎవరూ రాకపోతే చట్టం ప్రకారం కార్మిక సంక్షేమ నిధికి చేరవలసినదే తప్ప యజమాని సొమ్ము కాజాలదు.

చట్టం కూడా ఈ విషయంలో బలహీనుని పక్షాననే నిలుస్తున్నది. 2025 నవంబర్ 21 నుండి అమలులోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం నెలజీతం మరుసటి నెల 7వ తేదీలోగా అందాలి. పని మానినా, తొలగించినా రెండు పనిదినాలలో లెక్క తేల్చాలి. కోతలన్నీ కలిపి జీతంలో సగాన్ని మించరాదు. జీతం అందలేదని కార్మికుడు మూడేళ్లలోపు ఫిర్యాదు చేయవచ్చు. ఇచ్చామని నిరూపించవలసిన భారం యజమానిదే. కాంట్రాక్టరు ఇవ్వకపోతే పని చేయించుకొన్న సంస్థ ఇచ్చి, ఆ తరువాత కాంట్రాక్టరు నుండి రాబట్టుకోవాలి.

ఒక మోసం మాత్రం ఏ పట్టికకూ అందదు. జీతం సక్రమంగా ఖాతాలో పడుతుంది. ఆ సాయంత్రమే మేస్త్రీ వచ్చి కొంత నగదు వెనక్కి పుచ్చుకొంటాడు, లేదా ఏటీఎం కార్డులే తన దగ్గర ఉంచుకొంటాడు. కాగితాలన్నీ కలుస్తాయి, కడుపు మాత్రం నిండదు. కార్డును, రహస్య సంఖ్యను ఎవరి చేతికీ ఇవ్వకండి.

పూర్వపు చిత్తూరు జిల్లాలోని మదనపల్లె, పీలేరు వైపు ఎన్నో ఇళ్లకు గల్ఫ్ జీతమే ఆధారం. అక్కడ ఈ సరిపోల్చే పనిని ప్రభుత్వాలే చేపట్టాయి. యూఏఈ 2009లో వేతన రక్షణ వ్యవస్థను ప్రారంభించింది. సౌదీ అరేబియా 2013లో, ఖతర్ 2015లో ఆ దారి పట్టాయి. కంపెనీ ఎవరికి ఎంత జీతమో తెలిపే జాబితాను బ్యాంకు ద్వారా పంపాలి. జీతం సమయానికి, ఒప్పుకొన్న మేరకు చెల్లించారా లేదా అన్నది కార్మిక శాఖకు తెలుస్తుంది. అయితే ఈ ఏర్పాటు మొదలైనది కంపెనీల కార్మికుల కోసం. ఇళ్లలో పనికి వెళ్లినవారు తమ ఒప్పందపత్రం నకలు, ప్రతి నెలా అందిన మొత్తం, తేదీ ఇక్కడి ఇంట్లో కూడా రాయించి ఉంచుకోవడం ఎంతో అవసరం.

ఇక ప్రతి ఇంటా చేయదగిన పని ఇది. నెలకొకసారి, 8వ తేదీన, పది నిమిషాలు కేటాయించండి. పనిచేసిన రోజులను మీ క్యాలెండరులో గుర్తు పెట్టుకొని చీటీలోని రోజులతో పోల్చండి. చీటీ కింద ఉన్న నికర మొత్తాన్ని పాసుపుస్తకంలో పడిన మొత్తంతో పోల్చండి. చీటీలో కోసిన భవిష్యనిధి నిజంగా మీ పీఎఫ్ ఖాతాలో జమ అయిందో లేదో ఉమాంగ్ యాప్‌లో చూడండి. యజమాని దానిని మరుసటి నెల 15వ తేదీలోగా కట్టాలి. బ్యాంకు మారినా, విలీనమైనా కొత్త వివరాలను రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్లు సంతకం తీసుకోండి. తేడా కనిపిస్తే బిడియపడకండి. "నా జీతం పంపిన యూటీఆర్ సంఖ్య, ఖాతా సంఖ్య చూపించండి" అని అడగండి. ఆ ఒక్క ప్రశ్నకు సమాధానం దొరికితే డబ్బు ఎక్కడికి పోయిందో తెలిసిపోతుంది.

మన పాఠకులలో బేకరీలు, కుట్టు కేంద్రాలు, లారీలు నడిపేవారు, నలుగురికి జీతమిచ్చేవారు ఎందరో ఉన్నారు. పనివాని చెమట ఆరకముందే కూలి ఇవ్వాలన్న దైవప్రవక్త (స) బోధను మనమంతా ప్రసంగాలలో విన్నవారమే. డబ్బు పంపడంతో ఆ బాధ్యత తీరదు. అది అతనికి చేరితేనే తీరుతుంది. నెలకొకసారి ప్రతి పనివానినీ "అందిందా?" అని అడిగి, జవాబును పుస్తకంలో రాసుకోండి.

ఆ సోదరి విషయం ఏమైందో చెప్పి ముగిస్తాను. ఆమె వెళ్లిన గంటకు మనసు ఊరుకోక జాబితా తీసి పేరుపేరునా చూశాను. ఖాతా సంఖ్య వేరని అప్పుడు తెలిసింది. సంస్థ మరునాడే ఆమె రెండు నెలల జీతం చెల్లించింది. డబ్బు పడిన పాత ఉద్యోగిని అనుమతి లేనిదే వెనక్కి తీయలేమని బ్యాంకు చెప్పింది. నేను ఆమె ఇంటికి వెళ్లాను. అది తన పాత బకాయి అనుకొని కూతురి కాన్పుకు ఖర్చు పెట్టానని ఆమె కంటతడి పెట్టింది. తిరిగి వచ్చి ఆమె పాత కాగితాలు చూస్తే, ఆమె మాట కొంత నిజమే: పని మానిన నాడు ఇవ్వవలసిన సెలవు జీతం, బోనసు ఎవరూ లెక్క కట్టలేదు. వాటిని మినహాయించుకొని, మిగిలినది చిన్న వాయిదాలలో కట్టేందుకు ఒప్పుకొన్నది.

ఒక్క పేరును సరిచూస్తే ఇద్దరి హక్కులు బయటపడ్డాయి. ఆ తరువాత ఆ ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ మొత్తం చూసి సంతకం చేయలేదు. చివరి పేరు వరకు చదివిన తరువాతే కలం తీశాను.