కారు ఆయనది, అప్పు ఆమెది

"నీకేం సంబంధం లేదమ్మా, అది మీ ఆయన అప్పు" అని రెండేళ్ళ క్రితం మా సలహా కేంద్రానికి వచ్చిన ఒకామెతో అన్నాను. తప్పు చెప్పాను. మనోవర్తి గురించీ గృహహింస చట్టం గురించీ ఏళ్ళ తరబడి మాట్లాడుతున్న నేను, ఆమె చేతిలోని కాగితం చదవకుండా చెప్పిన మాట అది.

ఆమె ఉప్పల్ వైపు ఒక బస్తీలో బట్టలు కుడుతుంది. భర్త ఫైనాన్సులో కారు తీసుకుని హైదరాబాదులో కిరాయికి తిప్పేవాడు. కారు ఆయన పేరిట ఉంది. 6 లక్షల అప్పుకి జామీను సంతకం మాత్రం ఆమెది. కాగితాలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. పెన్సిలుతో గుర్తు పెట్టిన చోటల్లా సంతకం చేసింది. ఆ కారెక్కింది రెండేసార్లు: ఒకసారి యాదగిరిగుట్టకి, ఒకసారి పుట్టింట్లో చావుకి.

నాలుగు కిస్తీలు తప్పాక ఒక తెల్లవారుజామున కారు సీజ్ చేసి తీసుకుపోయారు. భర్త సిగ్గుతో ఊరు వెళ్ళిపోయాడు. సిగ్గేస్తే ఇల్లు వదిలి పోయే వెసులుబాటు మగవాడికే ఉంది మరి! కారుతోపాటు అప్పూ పోయిందనుకుంది ఆమె. నేనూ అంతకన్నా తెలివిగా ఆలోచించలేదు. అప్పటికి ఉన్న బాకీ 4 లక్షల 20 వేలు. కారు 2 లక్షల 10 వేలకి అమ్ముడుపోయిందన్నారు. మిగిలిన బాకీకి వడ్డీ, కారు తీసుకుపోయిన ఖర్చు, యార్డు అద్దె కలిపి 2 లక్షల 60 వేలు కట్టమని ఆమెకు ఫోన్లు మొదలయ్యాయి. కారు ఎవరు కొన్నారు? పాటలో ఎంతమంది పాల్గొన్నారు? ఆమెకు ఎవరూ చెప్పలేదు.

చట్టం ఏమంటుందో చూడండి. సీజ్ చేసిన బండిని ఫైనాన్సు వాళ్ళ పేరిట మార్చేముందు, మోటారు వాహనాల చట్టం 51వ సెక్షను ప్రకారం రిజిస్టరైన యజమానికి తన మాట చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. ఆమె యజమాని కాదు. ఇక 1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షను ప్రకారం, ఒప్పందంలో వేరేగా రాసుకుంటే తప్ప, జామీనుదారు బాధ్యత అసలు అప్పుదారుతో సమానం. ఆస్తి దగ్గర ఆమె ఎవరూ కాదు. అప్పు దగ్గర మాత్రం సమానత్వం తు.చ. తప్పకుండా అమలవుతుంది!

అసలు దెబ్బ తరువాత తగిలింది. కూతుర్ని నర్సింగులో చేర్పించడానికి బ్యాంకుకి వెళితే 'సిబిల్ బాగా లేద'న్నారు. 300 నుంచి 900 దాకా ఉండే ఆ అంకెను ఆమె ఎన్నడూ వినలేదు. 2005 నాటి చట్టం కింద పనిచేసే ఈ సంస్థలు మన అప్పుల చరిత్రను కనీసం ఏడేళ్ళు దాచాలి. పొదుపు సంఘాల సభ్యుల వివరాలు కూడా విడివిడిగా ఇవ్వాలని 2016లో రిజర్వు బ్యాంకు చెప్పింది. సంఘంలో ఒక్క వాయిదా తప్పని మనిషి, తాను నడపని కారు వల్ల ఎగవేతదారు అయింది. ఇంకో వల కూడా ఉంది. 90 వేలు కడితే వదిలేస్తామని ఏజెంటు బేరం పెట్టాడు. అలా కడితే నివేదికలో 'సెటిల్డ్' అని పడుతుంది, 'క్లోజ్డ్' అని కాదు. పూర్తిగా తీర్చలేదనే బ్యాంకులు దాన్ని చదువుకుంటాయి. ఈ సంగతి ఏజెంటు చెప్పడు.

రూల్స్ లేవా అంటే ఉన్నాయి. గూండాలను పెట్టి బండ్లు లాక్కోవద్దని 2007లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తరువాత వసూలు ఫోన్లు చేయవద్దని 2022 ఆగస్టులో రిజర్వు బ్యాంకు చెప్పింది. మరుసటి నెలలోనే జార్ఖండ్‌లోని హజారీబాగ్‌లో, ట్రాక్టరు సీజ్ చేయడానికి వచ్చినవాళ్ళ చేతిలో ఒక గర్భిణి అదే ట్రాక్టరు కింద నలిగి చనిపోయింది. ఈ రూల్స్ కూడా ఏజెంటు మర్యాద గురించే. భార్య చేత సంతకం ఎలా పెట్టించారని అడిగే రూలు ఏది?

గృహహింస చట్టం మూడో సెక్షనులో 'ఆర్థిక హింస' ఉంది. బలవంతంగా అప్పు కాగితం మీద సంతకం చేయించడం గురించి అందులో విడిగా ఒక్క మాట లేదు. 'పెట్టనని చెప్పాల్సింది' అని మన సమావేశాల్లోనే కొందరంటారు. పెట్టనంటే ఆ రాత్రి ఏమవుతుందో తెలిసినవాళ్ళం మనం. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో ఆడవాళ్ళు వేలిముద్ర మాని సంతకం నేర్చుకుంటే పండగ చేసుకున్నాం. తరువాత అప్పు దొరకడమే సాధికారత అన్నాం. సంతకం ఎక్కడ పెట్టకూడదో నేర్పడం మాత్రం మరిచాం.

కాబట్టి ఇకనుంచి మా కేంద్రంలో పెళ్ళి ఫోటో, రేషను కార్డుతోపాటు అప్పుల నివేదిక కూడా అడుగుతున్నాం. ఏడాదికొకసారి అది ఉచితం. తప్పు ఉంటే ఫిర్యాదు చేయాలి. 30 రోజుల్లో సరిచేయకపోతే రోజుకి 100 రూపాయల పరిహారం ఇవ్వాలని 2024 ఏప్రిల్ నుంచి నిబంధన ఉంది. జామీనుదారుకి కూడా అమ్మకానికి ముందు నోటీసు రావాలని, బలవంతపు సంతకాన్ని ఆర్థిక హింసగా చట్టంలో చేర్చాలని మన సంఘాలన్నీ కలిసి అడగాలి.

కారు అమ్మకం వివరాలు అడుగుతూ ఆమె తరఫున రాసిన ఉత్తరానికి జవాబు రాలేదు. ఫైనాన్సు కంపెనీలు అప్పుదారుకి అర్థమయ్యే భాషలోనే రాయాలని రిజర్వు బ్యాంకు నియమం. అందుకని పోయిన వారం రెండో ఉత్తరం తెలుగులో పంపాం, జవాబూ తెలుగులోనే ఇమ్మని.