సగం ఉద్యోగులు

యూనియన్‌లో చేరని ప్రభుత్వోద్యోగుల దగ్గర రుసుము వసూలు చేయడం రాజ్యాంగ విరుద్ధమని అమెరికా సుప్రీంకోర్టు 2018లో జానస్ కేసులో తీర్పు చెప్పింది. అయితే ఆ తీర్పుకు దారి 2014లోనే, ఆడవాళ్ల పని మీదుగా పడింది.

అది హారిస్ కేసు. ఇల్లినాయ్ రాష్ట్రంలో వికలాంగులకు ఇళ్లలో సేవచేసే వాళ్లలో అత్యధికులు స్త్రీలు. కొందరు సొంత బిడ్డల్నే చూసుకుంటున్న తల్లులు. జీతం సర్కారుదే. అయినా వీళ్లు పూర్తి ప్రభుత్వోద్యోగులు కారని, ఇష్టంలేనివాళ్ల దగ్గర రుసుము తీసుకోరాదని కోర్టు 5-4 మెజారిటీతో తేల్చింది. యూనియన్ వచ్చాక పదేళ్లలోపే వాళ్ల వేతనం దాదాపు రెట్టింపయిందని విభేదించిన న్యాయమూర్తి ఎలెనా కేగన్ గుర్తుచేశారు.

కేసు వేసిన పమేలా హారిస్ కూడా కొడుక్కి సేవచేస్తున్న తల్లే. ఆమె అభ్యంతరాన్ని కొట్టిపారెయ్యలేం. చేరకుండా ఉండటం కూడా స్వేచ్ఛే. కానీ రుసుము కట్టనివాళ్ల తరఫున కూడా యూనియనే చర్చలు జరపాలంటుంది చట్టం. ఆ ఖర్చు ఎవరు మొయ్యాలి? ఒక గేటు దగ్గర కలుసుకోని, వేల ఇళ్లలో విడివిడిగా చాకిరీ చేసే స్త్రీలను కూడగట్టడం ఎంత కష్టమో మనకు తెలుసు.

మన దగ్గర నిర్బంధ రుసుము లేదు, యూనియన్ చందా ఇష్టపూర్వకమే. ఈ 'సగం ఉద్యోగం' మాత్రం మన అంగన్‌వాడీ కార్యకర్తలకు బాగా ఎరుకే. జీతం అడిగితే 'గౌరవ వేతనం' అంటారు. 2024 జనవరిలో ఆంధ్రప్రదేశ్‌లో వాళ్లు సమ్మెలో ఉండగా, అత్యవసర సేవలంటూ ఎస్మా ప్రయోగించారు.