బిడ్డ వెల కాదు, తల్లి నష్టము

మా పాఠశాలలో తొమ్మిదవ తరగతి చదువుచుండిన యొక బాలిక వెనుకటి సంవత్సరము దసరా సెలవుల తరువాత మరల బడికి రాలేదు. హాజరుపట్టీలో ఆమె పేరున కెదురుగా ప్రతిదినమును గైరుహాజరు వేసినవాఁడను నేనే. నెల దాఁటిన పిమ్మటఁ గాని పిల్ల యేల రాలేదో విచారింపవలెనని నాకుఁ దోఁపలేదు. ఈ యపరాధమును ముందుగానే యొప్పుకొనుచున్నాను. నేను విచారింపఁబోవునంతలో ఆమె తల్లియే మా యింటికి వచ్చినది. చంకలో నాలుగు నెలల పసివాఁడు. చేతిలోని ప్లాస్టిక్ సంచిలో రేషను కార్డు, దానితోఁగూడ మడతలుపడిన యొక ధ్రువపత్రము.

“మూడో కాన్పు తరువాత ఆపరేషను చేయించుకున్నానండి మాస్టారూ. అయినా వీడు పుట్టాడు. ఈ దరఖాస్తు నింపుకు రమ్మన్నారండి. నష్టం ఎంత అని ఉందట. అక్కడ ఏం రాయాలో మీరే చెప్పాలండి” అని యామె యనెను.

ఏదో యొక యంకె వేయించుకొని రమ్మనియు, ఎంత వ్రాసినను వచ్చునది యొక్కటే యనియు కచేరిలోని గుమాస్తా చెప్పెనఁట. నేను రెండు భాషలు శ్రద్ధగాఁ జదివినవాఁడను. బారువడ్డీ, చక్రవడ్డీ పిల్లలకు నేర్పినవాఁడను. ఆ యొక్క గడిని నింపుటకు నాకుఁ జేతఁగాలేదు. రేపు రమ్మని యామెను బంపివేసితిని.

ఇట్టి విషయము పత్రికలో వ్రాయఁదగినది కాదని కొందఱు పెద్దలకుఁ దోఁపవచ్చును. మన యిండ్లలో పదింట నేడిండ్లకుఁ జెందిన విషయమును వ్రాయక మఱి దేనిని వ్రాయుదుము? 2019-21 సంవత్సరములలో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య పరిశీలన ప్రకారము ఆంధ్రప్రదేశములోని వివాహిత స్త్రీలలో, పదునైదు మొదలు నలువదితొమ్మిది యేండ్ల వయస్సు వారిలో, నూటికి సుమారు 70 మంది ఈ శస్త్రచికిత్స చేయించుకొన్నవారు. తెలంగాణములో సుమారు 62 మంది. దేశము మొత్తము మీఁద స్త్రీలు నూటికి 38 మంది కాఁగా, భర్త చేయించుకొన్న దంపతులు నూటికి ఒక్కరు కూడ లేరు. పురుషునికిఁ జేయు చికిత్స సులభతరమనియు, అపాయము తక్కువ యనియు వైద్యులందఱు నెఱిఁగినదే. అయినను కత్తి క్రిందికిఁ బోవునది మాత్రము ఆమె. దీనిని గుఱించి వేఱుగా వ్రాయవలసియున్నది కనుక ఇక్కడ విడిచెదను.

చికిత్స విఫలమైనంతమాత్రమున వైద్యునిది దోషమని నేను వాదింపను. కట్టిన నాళములు సహజముగా మరల నతుకుకొనుట కలదు. 1996లో ప్రకటింపఁబడిన యమెరికా దేశపు పరిశోధనలో పదేండ్ల కాలములో వేయి చికిత్సలకు సుమారు 18 విఫలమైనట్లు తేలినది. ఇది ముందుగాఁ జెప్పి చేసినయెడల అది దైవికము. చెప్పక చేసినయెడల సగము దైవికము, సగము దాఁపఱికము. కాని యొక నాళమును మాత్రమే కట్టి రెండును గట్టితిమని కాగితము వ్రాసి యిచ్చుట దైవికము కాదు. 2014 నవంబరులో బిలాసపురము దగ్గఱ నొక శిబిరములో ఒకే శస్త్రవైద్యుఁడు ఒక్క దినమున 83 మంది స్త్రీలకు చికిత్స చేయుటయు, వారిలో పదిమందికిఁ బైగా మరణించుటయు దైవికము కాదు. నా వాదము ఇట్టి దోషములను గుఱించి మాత్రమే.

మొదట చెప్పిన దోషము కల్పన కాదు. 1988లో హర్యానా రాష్ట్రమునందలి గుర్‌గాఁవ్ సర్కారు వైద్యశాలలో ఏడుగురు బిడ్డల తల్లియైన యొక కూలి స్త్రీకి జరిగినది. కుడివైపు నాళమునకు మాత్రమే చికిత్స చేసి, ఇఁక బిడ్డలు కలుగరని చెప్పి పంపిరి. ఎనిమిదవ బిడ్డ కలిగినది. ఆమె రెండులక్షలు కోరుచు వ్యాజ్యము వేయఁగా క్రింది న్యాయస్థానము 54,000 రూపాయలు వడ్డీతోఁగూడ నిప్పించెను. రాష్ట్రప్రభుత్వము ఆ కాస్త సొమ్మునకై సుప్రీముకోర్టు వఱకుఁ బోయి 2000 సంవత్సరమున ఓడిపోయినది. దినకూలితో బ్రతుకు పేదలకు అనుకోని బిడ్డ పోషణభారము నిజమైన నష్టమే యని యప్పుడు న్యాయమూర్తులు గ్రహించిరి. వారికి నమస్కారము. అయినను ఆ మొత్తమును బిడ్డకు పదునెనిమిదేండ్లు వచ్చువఱకుఁ బంచి చూడుఁడు. రెండువందల పదునాఱు నెలలకు నెలకు 250 రూపాయలు. దినమునకు ఎనిమిది రూపాయల చిల్లర. ముందుగా నిచ్చిన సొమ్ము వడ్డీ తెచ్చును గదా యని గణితజ్ఞులు అందురు. తెచ్చును. ధరలు పెరిగి ఆ వడ్డీని తినివేయును. ఈ రెంటిని ఒకదానికొకటి చెల్లుపెట్టుట మోటలెక్క యైనను, అన్యాయమైన లెక్క కాదు.

అయిదేండ్లు దాఁటిన కొలఁదికాలమునకే, 2005లో, పంజాబు రాష్ట్రపు వ్యాజ్యములో అదే న్యాయస్థానమునందలి మువ్వురు న్యాయమూర్తులు తెఱచిన తలుపును చాలవఱకు మూసిరి. వైద్యుని యశ్రద్ధ ఋజువుకానిదే పరిహారము లేదనిరి. అంతవఱకు న్యాయమే. కాని, నెల తప్పినట్లు తెలిసిన తోడనే స్త్రీ వైద్యుని కడకుఁ బోవలెను, గర్భనిరోధము విఫలమైనచో గర్భమును దీయించుకొనుటకు 1971 నాఁటి చట్టము అవకాశమిచ్చుచున్నది, తెలిసియు నామె కనుటకు నిశ్చయించుకొన్నయెడల నది యిఁక కోరని బిడ్డ కాదు, పెంపకపు ఖర్చు అడుగరాదు, అని కూడ సెలవిచ్చిరి. ఇట్టి పేదలకై యేదైన నిధినో బీమానో ఆలోచింపుఁడని ప్రభుత్వములకు సూచించుట మాత్రము వారి దయ.

ఈ వాదమును జదివినప్పుడు నాకు మా పాఠశాలలోని తనిఖీదారులు జ్ఞప్తికి వచ్చిరి. పైకప్పు కాఱుచున్నదన్నచో, వాన వచ్చునప్పుడు పిల్లలను ఆ గదిలో నేల కూర్చుండఁబెట్టితివని యడుగుదురు! సర్కారు ముద్రగల ధ్రువపత్రము పెట్టెలో నున్న స్త్రీ నెల తప్పినప్పుడు గర్భమని యేల తలఁచును? నీరసమనుకొనును, రక్తము తక్కువైనదనుకొనును, ఎండలో నాట్లు వేసిన వేఁడి యనుకొనును. కడుపులో కదలిక తెలియువేళకు చట్టపు గడువు సమీపించి యుండును, లేదా దాఁటి యుండును. ఇఁక గడువులో తెలిసినదే యనుకొందము. ఒకసారి కత్తికి మోసపోయిన స్త్రీ మఱియొకసారి అదే వైద్యశాలకుఁ బోయి పండుకొనలేదు గనుక నష్టమునకు తానే బాధ్యురాలగునా? తీయించుకొనుట చట్టమిచ్చిన హక్కు. హక్కును వాడుకొననివానికి జరిమానా వేయుట ఏ ధర్మశాస్త్రములోను నేను జూడలేదు.

సముద్రము దాఁటి చూచినను ఇదే కథ. స్కాట్లండులోని టేసైడ్ ఆరోగ్యమండలి మీఁద నొక దంపతులు వ్యాజ్యము వేసిరి. భర్తకు చికిత్స జరిగినది, ఇఁక భయములేదని వైద్యులు చెప్పిరి, 1992లో అయిదవ బిడ్డ కలిగినది. తల్లి పడిన బాధకు 10,000 పౌనులు, పెంపకమునకు లక్ష పౌనులు అడిగిరి. 1999లో ప్రభువుల సభలోని న్యాయమూర్తులు మొదటిదానికి మార్గమిచ్చి రెండవదానిని త్రోసివేసిరి. వారిలో నొకరు, లండను భూగర్భ రైలులో ప్రయాణించు సామాన్యులను అడిగినచో ఆరోగ్యవంతుఁడైన బిడ్డ పెంపకమునకు వైద్యుఁడు సొమ్మీయనక్కఱలేదని యందురని తలఁచిరి. ఆ రైలు నే నెక్కియుండలేదు. కాని గుంటూరు పాసింజరులో ఆఁడువారి పెట్టెయందు కూర్చున్నవారిని అడిగినచో ఏమందురో నేను జెప్పఁగలను. 2003లో ఆ న్యాయస్థానమే మఱియొక వ్యాజ్యములో, లెక్కతో నిమిత్తము లేకుండ, తల్లి స్వేచ్ఛకుఁ గలిగిన భంగమునకు గుర్తుగా 15,000 పౌనులు ఇమ్మనెను. లెక్క వేయుటకు భయపడినవారు చేయుపని ఇదియే. ఒక అంకెను బల్లపైఁ బెట్టి లేచిపోవుదురు.

ఆ సంవత్సరమే ఆస్ట్రేలియాలో మాత్రము లెక్క వేసిరి. క్వీన్సులాండులో నొక స్త్రీ, తన కుడి నాళము చిన్ననాఁటి శస్త్రచికిత్సలో తీసివేయఁబడినదని వైద్యునితోఁ జెప్పినది. ఆయన పరీక్షింపక నమ్మి, ఎడమదానికి మాత్రమే బిగింపు వేసెను. కుడి నాళము చెక్కుచెదరక యున్నది! గుర్‌గాఁవ్ కూలికిని ఈమెకును భేదము దేశము మాత్రమే. ఆ మగబిడ్డను పదునెనిమిదేండ్లు పెంచుటకు 1,05,249 డాలర్లని నిర్ణయింపఁగా, ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానము నలువురు అవును, మువ్వురు కాదు అను భేదముతో దానిని స్థిరపఱచెను. అనతికాలములోనే అక్కడి శాసనసభ యట్టి ఖర్చు ఇఁకమీఁద నిప్పింపరాదని చట్టము చేసినది. సరియైన లెక్కకు లభించు మర్యాద ఇది.

మన ప్రభుత్వము 2005లో బీమాపద్ధతి నేర్పరచి, 2013లో దానిని మార్చి, చికిత్స విఫలమైన ప్రతిస్త్రీకి 30,000 రూపాయలని నిర్ణయించెను. తరువాత ఆ మొత్తమును బెంచిరి గాని, అందఱికి నొకే అంకె యను పద్ధతి మాఱలేదు. వైద్యుని దోషమున్నను లేకున్నను ఇచ్చునది యని దీని సమర్థకులు చెప్పుదురు. అది యొక మేలే, కాదనను. దోషము లేనిచోట నిచ్చు సాయము ఎంతయైనను సాయమే. దోషమున్నచోట అదే సాయమును పరిహారమని పిలుచుట, గోడ కూల్చినవాఁడు ఇటుక యొకటి యిచ్చి రసీదు వ్రాయించుకొన్నట్లు.

“బిడ్డ భగవంతుని వరము, వరమునకు నష్టమేమి?” అనువారు మనలో పెక్కురు. అష్టపుత్రవతీ భవ యని యిప్పటికిని దీవించుచున్న పురోహితులకు ఆ యెనమండుగురిని బెంచు ఖర్చు ఎవరిదో తెలియును గనుకనే దక్షిణ ముందుగాఁ బుచ్చుకొందురు. బిడ్డ వరమే. ఆ పసివానిని ఎత్తుకొనియే ఆ తల్లి మా యింటికి వచ్చినది. ఎక్కడను దించలేదు. ఆమె యడిగినది బిడ్డ వెల కాదు, తన నష్టము. బండివాఁడు గ్రుద్ది నా కాలు విఱుగఁగొట్టినాఁ డనుకొనుఁడు. మంచముపైఁ బండుకొన్న ఆఱు నెలలలో నేను భారతము పదునెనిమిది పర్వములు జదివి యానందించితిని గనుక వైద్యుని రుసుము ఇప్పింపనక్కఱలేదని యే న్యాయవాది వాదించును? పెండ్లిచూపులలో వరునకు లక్షలలో వెలకట్టుటకు సిగ్గుపడని మనము, తల్లి పాలఖర్చు వ్రాయఁబోవఁగానే బిడ్డను అంగడిలోఁ బెట్టుచున్నదని కన్నీరు పెట్టుట వింతగా నున్నది.

ఇట్టి లెక్క అసాధ్యమనువారికి ఒక్క ప్రత్యుత్తరము చాలును. 1989లో జంషెడ్‌పూరులో జరిగిన యగ్నిప్రమాదములో మరణించిన గృహిణుల సేవకు వెల యెంతయని 2001లో సుప్రీముకోర్టే నెలకు 3,000 రూపాయలని లెక్కకట్టినది. బండి క్రిందఁబడి చచ్చిన గృహిణికి వయస్సును బట్టి యిన్నేండ్లని గుణకములతో నిత్యము లెక్కకట్టుచున్నారు. తల్లి చచ్చినచో ఆమె పనికి వెల తెలియును. బ్రతికి ఆ పనియే రెండింతలు చేసినచో తెలియకపోవునా?

మఱునాఁటి సాయంకాలము ఆమె వచ్చినప్పుడు నేను కాగితము మీఁద వైద్యశాల, మందులు, ఆటో కిరాయి వ్రాసి, మొత్తము 11,000 అని గీఁత గీసితిని. నా భార్య వెనుకనుండి చూచి, “కూలి రాయలేదేమండీ?” అనెను. దినకూలి 400. ఏఁటికి సుమారు 150 దినములు పని. గర్భము బరువైనది మొదలు బిడ్డను విడిచి పొలము వెళ్లఁగలుగు వఱకు ఏఁడాదిన్నర యనుకొన్నచో 225 దినములు, 90,000 రూపాయలు. బిడ్డ తిండికి, బట్టలకు, జబ్బులకు కలిపి నెలకు 1,500 అని యామెయే చెప్పినది. అంతకన్న తక్కువ చెప్పవలదని నా భార్య కసరినది. పదునెనిమిదేండ్లకు 3,24,000. సర్కారు బడియే గనుక చదువునకు సున్న వేసితిమి. మరల శస్త్రచికిత్స కొఱకు పోవునప్పటి దినములు పది, 4,000. అన్నియుఁ గూడ 4,29,000 అయినది. అంకె చూచి ఆ తల్లి భయపడి, “అంత అడిగితే ఏదీ ఇవ్వరేమోనండి” అనెను.

అప్పుడు నా భార్య, “పెద్దపిల్ల సంగతి?” అని యడిగినది. తల్లి మరల పనికిఁ బోవుటకై పసివానిని ఎత్తుకొని యింట నున్నది ఆ పిల్లయే. తొమ్మిదవ తరగతిలో ఆఁగిపోయిన చదువునకు ఏ గుణకము వేయవలెనో యే తీర్పులోను లేదు. హాజరుపట్టీ తెప్పించి, ఆమె రాని దినములను నేను లెక్కించితిని. అప్పటికి డెబ్బదిమూఁడు. రూపాయల గడిలో దానిని వ్రాయుటకు వీలులేక, వేఱొక కాగితము మీఁద ఆ దినములను తేదీలతో సహా వ్రాసి, ఉపాధ్యాయుఁడనుగా నా సంతకము పెట్టి, దరఖాస్తునకు జతచేసితిని. గుమాస్తా ఆ కాగితమును త్రిప్పి చూచి, ఇది యే నమూనాలోనిదని యడిగెనఁట.