అమ్మ తల సర్వర్ కాదు

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. టు-డూ లిస్టు ఉన్నది మనతో ఎక్కువ పని చేయించడానికి కాదు. ఒక్క మనిషి తలలో ఉండిపోయిన పనుల్ని బయటికి తీసి, నలుగురికీ కనబడేలా పెట్టడానికి. దానికి యాప్ అక్కర్లేదు. ఒక కాగితం, ఒక పెన్ను, అందరూ రోజూ చూసే ఒక గోడ చాలు.

సీఎస్ఈ చదువుతూ యాప్ వద్దంటోందేంటి అని నవ్వుకోకండి. మన హాస్టల్లో ఎవరి ఫోన్ చూసినా నోషనో, టుడూయిస్టో, గూగుల్ టాస్క్సో ఏదో ఒకటి ఉంటుంది. సెమిస్టర్ మొదటి వారం వాటికి రంగులు, లేబుల్స్, ఫోల్డర్లు. ఫస్ట్ మిడ్ వచ్చేసరికి తెరిచేవాళ్ళుండరు. యాప్‌లు చెడ్డవని కాదు. పని చెయ్యడం కంటే పనిని ముస్తాబు చెయ్యడం తేలిక. ల్యాబ్ రికార్డు ఒక్క పేజీ రాయకపోయినా, "ల్యాబ్ రికార్డు" అన్న లైనుకి ఎర్ర రంగు వేస్తే సగం అయిపోయినట్టే ఉంటుంది.

ఇంకో తమాషా ఉంది. మనకి బ్యాక్‌లాగ్ అంటే పోయిన సబ్జెక్టు. ఆ మాట వింటేనే ఇంట్లో గొంతు తగ్గించి మాట్లాడతాం. సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో బ్యాక్‌లాగ్ అంటే ఇంకా చెయ్యాల్సిన పనుల జాబితా. దాన్ని టీమ్ మొత్తం ముందు తెరిచి పెట్టుకుని మాట్లాడుకుంటారు. మిగిలిపోయిన పని ఉండటం తప్పు కాదు, అది ఎవరికీ కనబడకుండా ఉండటమే ఇబ్బంది. ఈ రెండో అర్థం మన ఇళ్ళకి కూడా రావాలని నా కోరిక.

నిజానికి మా వైపు ఇది కొత్తేమీ కాదు. మాది వజ్రపుకొత్తూరు మండలం, ఉద్దానం. ఉద్యానవనం అనే మాటే ఉద్దానం అయిందంటారు. కొబ్బరి, జీడి, పనస తోటలు. జీడి పిక్కలు బస్తాల్లో పలాస-కాశీబుగ్గ వెళ్ళి అక్కడ పప్పుగా మారతాయి. మా చిన్నాన్న అక్కడ ఒక జీడిపప్పు మిల్లులో సూపర్‌వైజరు. ఆ మిల్లు గోడకి ఒక నల్ల బోర్డు ఉంటుంది. ఏ లాటు ఎంతవరకు వచ్చింది, తర్వాత ఏం చెయ్యాలి, ఎవరు చూస్తున్నారు అని సుద్దముక్కతో రాసి ఉంటుంది. పిక్కల్ని ఉడికించాలి, ఆరబెట్టాలి, కటింగ్ చెయ్యాలి, పప్పుని వేడిమీద ఎండబెట్టాలి, పొట్టు తియ్యాలి, సైజు ప్రకారం గ్రేడింగ్ చెయ్యాలి, టిన్నుల్లో నింపాలి. డబ్ల్యూ-180 అంటే పౌనుకి 180 దాకా తూగే పెద్ద పప్పు, డబ్ల్యూ-320 అంటే 320 దాకా తూగేది. ఎండబెట్టకుండా పొట్టు తియ్యబోతే పప్పు విరిగిపోతుంది, విరిగితే రేటు పడిపోతుంది. ఏ పని తర్వాత ఏ పని అన్నదాన్ని మనం డేటా స్ట్రక్చర్స్‌లో టొపలాజికల్ సార్ట్ అని చదువుకున్నాం. చిన్నాన్న ఆ పేరు వినలేదు కానీ రోజూ బోర్డు మీద చేసేది అదే.

ఆ బోర్డులో నాకు నచ్చింది మూడు విషయాలు. అందరికీ కనబడుతుంది. ప్రతి లైను చివర ఒక మనిషి పేరుంటుంది. పని అయిపోతే ఆ లైను చెరిపేస్తారు. ఇంతే. సాయంత్రం చిన్నాన్న ఇంటికి వెళ్ళిపోయినా బోర్డు అక్కడే ఉంటుంది కాబట్టి మర్నాడు పొద్దున్న ఆయన రాకముందే పని మొదలైపోతుంది.

మరి ఇంట్లో అలాంటి బోర్డు ఎందుకుండదు? ఎందుకంటే ఇంట్లో ఆ బోర్డు అమ్మే.

మా ఇంట్లో తాతకి కిడ్నీలు పాడయ్యాయి. ఉద్దానం అనగానే చాలామందికి గుర్తొచ్చేది ఇదే. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఇచ్ఛాపురం మండలాల్లో ఎన్నో ఇళ్ళలో ఇదే కథ. దశాబ్దాలుగా పరిశోధనలు జరుగుతున్నా అసలు కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. కారణం తేలేదాకా ఇంట్లో పని ఆగదు కదా. తాతకి వారానికి మూడుసార్లు డయాలసిస్, ఒక్కోసారి సుమారు 4 గంటలు. ఆటో ముందురోజే చెప్పుకోవాలి. ఫాస్ఫరస్ తగ్గించే మాత్ర భోజనంతో పాటే వెయ్యాలి, తర్వాత వేస్తే లాభం లేదు. రోజు మొత్తానికి డాక్టరు చెప్పినన్ని నీళ్ళే తాగాలి; టీ, మజ్జిగ, చారు కూడా అందులో లెక్కే. ఫిస్టులా ఉన్న చేతికి బీపీ చూడనివ్వకూడదు. రక్తపరీక్షల తేదీ, అయిపోవస్తున్న మందులు, ఫైలు, కార్డు. వీటితో పాటు గ్యాస్, కరెంటు బిల్లు, తమ్ముడి కాలేజీ ఫీజు, చెన్నైలో పనిచేసే నాన్న పంపే డబ్బు లెక్క. ఇవన్నీ అమ్మ తలలోనే. ఆమె కూడా కిలో లెక్కన కూలీకి జీడిపప్పు పొట్టు తీసే పనికి వెళ్తుంది.

మన భాషలో దీన్ని సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్ అంటారు. ఒక్క సర్వర్ మీద మొత్తం నడుస్తోంది, దానికి బ్యాకప్ లేదు. కిందటి వానాకాలంలో అమ్మకి నాలుగు రోజులు జ్వరం వచ్చింది. ఇంట్లో అందరం సాయం చెయ్యడానికి సిద్ధమే. కానీ ప్రతి దానికీ ఆమె మంచం దగ్గరికే వెళ్ళాం. ఏ మాత్ర? ఎన్ని? ఆటో వాళ్ళ నంబరు? ఫైలు ఎక్కడ? మూడో రోజు అమ్మ "మీకు సెప్పడం కన్నా నాను లేచి సేసీడమే నయం" అంది. ఆ మాట నాకు ఇప్పటికీ గుర్తు. గుర్తుపెట్టుకోవడం ఒక పని, అడిగినప్పుడల్లా చెప్పడం ఇంకో పని. సాయం చేస్తున్నామనుకుంటూ మనం ఆ రెండో పనిని పెంచుతున్నాం.

ఆ తర్వాత మా ఇంట్లో రెండు కాగితాలు గోడ ఎక్కాయి. రెండూ ఒకటి కాదు, ఆ తేడా ముఖ్యం.

మొదటిది ఎప్పుడూ మారనిది. డయాలసిస్‌కి బయల్దేరే ముందు చూసుకోవాల్సినవి: ఫైలు, కార్డు, దుప్పటి, టిఫిన్ డబ్బా, బరువు రాసుకునే చిన్న పుస్తకం, ఏ చేతికి బీపీ చూడకూడదో. ఇది చెక్‌లిస్టు. బాగా తెలిసినవాళ్ళకే ఇది ఎక్కువ అవసరం. 1935లో అమెరికాలో బోయింగ్ మోడల్ 299 అనే కొత్త విమానం పరీక్షలో పైకి లేచిన కాసేపటికే కూలిపోయింది. నడిపినవాళ్ళు అనుభవం లేనివాళ్ళు కాదు. నేలమీద ఉన్నప్పుడు తోక భాగాలు గాలికి కదలకుండా వేసే లాక్ తియ్యకుండా ఎగిరారు. ఆ తర్వాతే పైలట్లకి చెక్‌లిస్టు అలవాటైంది. 2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆపరేషన్ థియేటర్ల కోసం 19 అంశాల చెక్‌లిస్టు తెచ్చింది. న్యూఢిల్లీతో సహా 8 నగరాల్లోని ఆస్పత్రుల్లో వాడి చూస్తే, ఆపరేషన్ అయినవాళ్ళలో మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయని 2009లో వచ్చిన అధ్యయనం చెప్పింది. సర్జన్లకే కాగితం కావాలంటే మనమెంత.

రెండోది వారం వారం మారేది. ఇదే అసలు టు-డూ లిస్టు. దీనికి మేం పెట్టుకున్న పద్ధతి చాలా చిన్నది.

ఒకటి, "గ్యాస్" అని రాయకూడదు, "గ్యాస్ బుక్ చెయ్యాలి" అని రాయాలి. చెయ్యాల్సింది ఏంటో లైనులోనే కనబడాలి. "తాత పరీక్షలు" అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. "రక్తపరీక్ష కాగితం తెచ్చి ఫైల్లో పెట్టాలి" అంటే ఇంటర్ చదివే తమ్ముడు కూడా చెయ్యగలడు.

రెండు, ప్రతి లైను పక్కన ఒక్క పేరే. "అందరూ" అని రాస్తే చివరికి అమ్మే చేస్తుంది.

మూడు, అయిపోయినదాన్ని చేసినవాళ్ళే కొట్టెయ్యాలి. మా మామ్మకి చదవడం రాదు. ఆమె పని పక్కన మేం బొమ్మ వేస్తాం: తులసి కోట, కోడి, మాత్ర. పని అయ్యాక ఆమె బొగ్గుతో ఒక అడ్డగీత గీస్తుంది. ఆ గీత గీసేటప్పుడు ఆమె మొహం చూడాలి మీరు.

నాలుగు, ఆదివారం రాత్రి కొత్త కాగితం. మూడు వారాలుగా అలాగే మిగిలిన లైను ఉంటే దాన్ని ముక్కలు చెయ్యాలి, లేదా వేరేవాళ్ళకి ఇవ్వాలి, లేదా వదిలెయ్యాలి. ఊరికే మళ్ళీ మళ్ళీ ఎక్కించుకుంటూ పోకూడదు.

రాయడం వల్ల ఇంకో లాభం కూడా ఉంది. మసికాంపో, బామైస్టర్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2011లో ఒక అధ్యయనం వేశారు. పూర్తికాని పని బుర్రలో అడ్డం పడుతూనే ఉంటుందనీ, దాన్ని ఎలా పూర్తి చెయ్యాలో ఒక ప్లాన్ వేసుకుంటే, ఇంకా చెయ్యకముందే ఆ అడ్డం తగ్గుతుందనీ అందులో తేలింది. అమ్మ ఈ మధ్య రాత్రి మధ్యలో లేచి మందుల డబ్బా చూడటం తగ్గించింది. అధ్యయనం సంగతి ఆమెకి తెలీదు.

ఫోన్లో షేర్డ్ లిస్టు పెట్టుకోవచ్చు కదా అని అడుగుతారు. నేను టెక్కలిలో హాస్టల్లో ఉంటాను కాబట్టి ఆదివారం కాగితానికి ఫొటో తీసి తమ్ముడు వాట్సాప్‌లో పెడతాడు. అంతవరకు ఫోన్ మంచిదే. కానీ అసలు మాత్రం గోడమీదే ఉండాలి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను మా తీరం దాటినప్పుడు నేను చిన్నదాన్ని. కొబ్బరి, జీడి చెట్లు వరుసలు వరుసలుగా పడిపోయాయి. రోజుల తరబడి కరెంటు లేదు. ఫోన్ చార్జింగ్ కోసం జనరేటరు దగ్గర మనుషులు నిలబడటం చూశాను. అలాంటి రోజుల్లోనే ఏ మందు ఎన్ని ఉన్నాయో, ఎవరు ఎక్కడికి వెళ్ళాలో ఎక్కువగా తెలియాలి. కాగితానికి చార్జింగ్ అక్కర్లేదు, మామ్మకి పాస్‌వర్డ్ అక్కర్లేదు.

దీనిమీద అభ్యంతరాలు కూడా ఉన్నాయి, నిజమైనవే. అమ్మే మొదట "ఇల్లుని ఆఫీసు సేసీసినావేటే?" అంది. ఇల్లు ఆఫీసు కాదు, నిజమే. కానీ ఆఫీసులో ఎవరి పని ఎంతో తెలుస్తుంది, ఇంట్లో తెలీదు. ఏది నయం?

రెండో అభ్యంతరం నాదే. ఇంట్లో పెద్దకూతుర్ని నేను. అమ్మ తలమీద బరువు దించి నా తలమీద పెడితే అది లిస్టు కాదు, వారసత్వం. అందుకే తమ్ముడి పేరు, చెన్నైలో ఉన్న నాన్న పేరు కూడా గోడమీద ఉండాలని నేను పట్టుబట్టాను. బిల్లు కట్టడం, డయాలసిస్ ముందురోజు ఆటో వాళ్ళకి ఫోన్ చెయ్యడం చెన్నై నుంచి కూడా అవుతుంది. నాన్న చేస్తున్నారు.

మూడోది అన్నిటికంటే పెద్దది. డయాలసిస్ రోజు తాతతో వెళ్తే అమ్మకి ఆ రోజు కూలీ పోతుంది. ఆ డబ్బుని ఏ లిస్టూ తెచ్చివ్వదు. మంచినీళ్ళు, దగ్గర్లో ఆస్పత్రి, వీటిని మా గోడమీద రాసుకుని లాభం లేదు. అవి ప్రభుత్వం గోడమీద ఉండాల్సిన లైన్లు. 2023 డిసెంబరు 14న పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆస్పత్రి, హిరమండలం నుంచి ఉద్దానానికి నీళ్ళు తెచ్చే పథకం ప్రారంభించారు. ప్రారంభించడంతో లైను కొట్టెయ్యకూడదు. ప్రతి ఇంటి కుళాయిలో రోజూ ఆ నీళ్ళు, ఆస్పత్రిలో సరిపడా డాక్టర్లు ఉన్నన్నాళ్ళే ఆ పని అయినట్టు. అక్కడ కూడా మా గోడమీద సూత్రమే: పని ఏంటి, పేరు ఎవరిది, అయిందని చెప్పేది ఎవరు.

కాబట్టి మీతో ఒక్కటే చెప్తాను. ఈసారి సెలవులకి ఇంటికి వెళ్ళినప్పుడు "అమ్మా, ఏమైనా సాయం చెయ్యనా?" అని అడక్కండి. దానికి జవాబు వెతకడం కూడా ఆమె పనే అవుతుంది. ఒక తెల్లకాగితం తీసుకుని పక్కన కూర్చోండి. ఆమె తలలో ఉన్నవన్నీ చెప్పమని, ఆమె చెప్పినట్టే రాయండి. అరగంట పడుతుంది. ప్రతి లైను పక్కన ఇప్పుడు ఎవరు చేస్తున్నారో ఆ పేరు రాసి, అమ్మ పేరు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టండి. మా ఇంట్లో 31 లైన్లలో 24. ఇప్పుడు 15. ఇంకా తగ్గాలి.