చిన్న చుక్క... పెద్ద చిక్కు!

‘రామారావుగారి రెండో అమ్మాయి అత్తగారి ఊరేది?’ పెళ్లిపందిట్లో ఎవరైనా ఇలా అడిగితే తడుముకోం. ముందు రామారావుగారు, తర్వాత రెండో అమ్మాయి, ఆమె అత్తగారు, చివరికి ఊరు... ఒక్కో మెట్టూ దాటుకుంటూ వెళ్లి జవాబు చెప్పేస్తాం. జావాతో తయారైన వెబ్‌సైట్లు చేసేదీ అదే. తెరమీద ఖాతాదారు ఊరి పేరు కనిపించాలంటే ఆ పేజీ టెంప్లేట్‌లో ‘కస్టమర్.అడ్రస్.సిటీ’ అని రాస్తే చాలు. చుక్క చుక్కకీ ఒక మెట్టు!

1999లో జేఎస్‌పీ పేజీలు వచ్చిన కొత్తలో ఈ సుఖం లేదు. పేజీ మధ్యలోనే జావా కోడ్ ఇరికించాల్సి వచ్చేది. చిరునామా లేని సంగతి ముందే చూసుకోకపోతే ఊరి పేరు అడగ్గానే పేజీ కాస్తా ఆగిపోయేది. 2003లో జేఎస్‌పీ 2.0తో ‘ఎక్స్‌ప్రెషన్ లాంగ్వేజ్’ అందులో భాగమైంది. మధ్యలో ఏదైనా మెట్టు లేకపోతే ఇది గొడవ చెయ్యదు, అక్కడ ఖాళీ వదిలేసి ముందుకెళ్తుంది.

ఇదే పని చేసే మరో భాష ఓజీఎన్ఎల్. ‘స్ట్రట్స్ 2’ అనే ప్రసిద్ధ జావా ఫ్రేమ్‌వర్క్ వాడేది దీన్నే. వివరాలు చెప్పడమే కాదు... అడిగితే పనులూ చేసిపెట్టగలదు. చిక్కంతా అక్కడే. బయటివాళ్లు పంపిన అక్షరాలు పొరపాటున దాని చేతిలో పడితే? వాటినీ ఆజ్ఞలుగానే పాటిస్తుంది!

2017లో జరిగిందదే. ఫైల్ అప్‌లోడ్ చేసేటప్పుడు తప్పు సమాచారం వస్తే స్ట్రట్స్ ఒక ఎర్రర్ సందేశం తయారుచేస్తుంది. హ్యాకర్లు పంపిన మాటలు ఆ సందేశంలో చేరి, ఓజీఎన్ఎల్ ఆజ్ఞలుగా అమలైపోయేవి. మార్చి నెలలోనే మరమ్మతు విడుదలైంది. అయినా అమెరికాలో రుణగ్రహీతల వివరాలు భద్రపరిచే ఈక్విఫాక్స్ సంస్థ తన వెబ్‌సైట్లలో ఒకదాన్ని సరిచేసుకోలేదు. మే నెలలో దొంగలు అందులోంచి చొరబడ్డారు. జులై నెలాఖరుదాకా సంస్థ పసిగట్టలేకపోయింది. ఈలోగా సుమారు 14.7 కోట్లమంది వివరాలు బయటికి పోయాయి. పేర్లు, పుట్టినతేదీలు, చిరునామాలు, చాలామందివి సోషల్ సెక్యూరిటీ నంబర్లు కూడా. 2019లో కుదిరిన ఒప్పందం ప్రకారం ఆ సంస్థ కనీసం 57.5 కోట్ల డాలర్లు చెల్లించాల్సి వచ్చింది.

తప్పు చుక్కది కాదు. పేజీ రాసినవారి మాటకీ, బయటినుంచి వచ్చిన మాటకీ తేడా చూడకపోవడమే తప్పు. మొదటిదాన్ని పాటించాలి, రెండోదాన్ని తెరమీద చూపించి ఊరుకోవాలి. ఎక్కడైనా కన్నం పడిందని తెలిస్తే ఆ పూటే పూడ్చాలి. ప్రోగ్రామర్లకు ఇది ఒక్కరోజు పని కావచ్చు... ఆలస్యమైతే నష్టం మాత్రం కోట్లమందికి!